బ్యాంకు లాయరుకి బ్యాంకుతో మాట్లాడే దారి లేదు: అమెరికా ఇళ్ళ జప్తుల కథ

ఈ ఎపిసోడ్ కొంచెం డబ్బు గురించి, కొంచెం ఇళ్ళ గురించి, ఎక్కువగా మన ఆఫీసుల్లో రోజూ జరిగే ఒక విషయం గురించి. అదేంటో వింటూ ఉంటే మీకే అర్థమవుతుంది. ముందు ఒక బ్యాంకు కథ చెప్తాను.

2011 జూన్. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం, నేపుల్స్ అనే ఊరు. ఒక లాయరు గారు, ఆయనతో పాటు షెరీఫ్ ఆఫీసు పోలీసులు, బయట సామాన్లు ఎక్కించడానికి ఒక ట్రక్కు. అందరూ కలిసి నేరుగా బ్యాంక్ ఆఫ్ అమెరికా బ్రాంచిలోకి వెళ్ళారు. విషయం ఏంటంటే, మాకు రావాల్సిన డబ్బు కడతారా, లేకపోతే కుర్చీలు, కంప్యూటర్లు, కౌంటర్లో క్యాష్ అన్నీ జప్తు చేసుకుని పోమంటారా అని. అవును, మీరు సరిగ్గానే విన్నారు. బ్యాంకునే జప్తు చేయడానికి వచ్చారు.

ఎందుకు? ఒక భార్యాభర్తలు 2009లో అక్కడ ఇల్లు కొన్నారు. పూర్తిగా క్యాష్ పెట్టి. ఒక్క రూపాయి లోన్ లేదు, సారీ, ఒక్క డాలర్ లోన్ లేదు. అయినా బ్యాంకు "మీరు లోన్ కట్టట్లేదు" అని వాళ్ళ ఇంటి మీద జప్తు కేసు వేసింది. వాళ్ళు ఏడాదికి పైగా తిరిగి తిరిగి కేసు కొట్టేయించుకున్నారు. లాయరు ఖర్చులు, దాదాపు 2500 డాలర్లు, బ్యాంకే ఇవ్వాలని జడ్జి చెప్పారు. ఐదు నెలలైనా బ్యాంకు ఇవ్వలేదు. ఫోన్లు చేశారు, ఉత్తరాలు రాశారు, జవాబు లేదు. చివరికి ట్రక్కు వచ్చాక, ఓ గంటలో మేనేజర్ చెక్కు రాసిచ్చారు.

వినడానికి కామెడీగా ఉంది కదా. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ కేసు మీద ఎంతమంది చదువుకున్నవాళ్ళు పనిచేసి ఉంటారు? బ్యాంకు ఉద్యోగులు, లాయర్లు, కోర్టు గుమస్తాలు. అందరికీ కంప్యూటర్లు ఉన్నాయి, ఈమెయిల్ ఉంది. మరి "అసలు వీళ్ళకి లోన్ ఉందా?" అనే ఒక్క ప్రశ్న ఇంత కాలం ఎందుకు తేలలేదు? ఈ రోజు మనం మాట్లాడుకునేది దీని గురించే.

చిన్న బ్యాక్‌గ్రౌండ్. అమెరికాలో ఇళ్ళ ధరలు 2006 ప్రాంతంలో పీక్‌కి వెళ్ళి పడిపోవడం మొదలైంది. 2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ దివాలా. ఉద్యోగాలు పోయాయి, కిస్తీలు ఆగిపోయాయి. ఇలాంటప్పుడు బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకుని అమ్మి బాకీ రాబట్టుకోవడాన్ని అక్కడ ఫోర్‌క్లోజర్ అంటారు. రియల్టీట్రాక్ అనే సంస్థ లెక్క ప్రకారం ఒక్క 2010లోనే దాదాపు 29 లక్షల ఇళ్ళకి ఇలాంటి నోటీసులు వెళ్ళాయి. ఒక్క సంవత్సరంలో!

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, మీరు లోన్ తీసుకున్న బ్యాంకు దగ్గరే ఆ లోన్ ఉండదు. దాన్ని అమ్మేస్తారు. వేల లోన్లు కలిపి ఒక మూట కట్టి ఇన్వెస్టర్లకి అమ్ముతారు. నెలనెలా కిస్తీ వసూలు చేసే పని ఇంకో కంపెనీది, దాన్ని సర్వీసర్ అంటారు. కిస్తీ ఆగితే సర్వీసర్ ఆ ఫైలు మధ్యలో ఉన్న ఒక ఔట్‌సోర్సింగ్ కంపెనీకి ఇస్తుంది. ఆ కంపెనీ లాయర్ ఆఫీసుకి పంపిస్తుంది. ఇంటి ధర ఎంతో చెప్పడానికి ఒక బ్రోకర్, ఇంట్లో మనుషులు ఉన్నారో లేదో చూసిరావడానికి ఇంకొకడు, తాళాలు మార్చి గడ్డి కోయడానికి ఒక కాంట్రాక్టర్, వేలంలో ఎవరూ కొనకపోతే బ్యాంకు తరఫున ఆ ఇంటిని చూసుకునే అసెట్ మేనేజర్, దాన్ని అమ్మిపెట్టే ఏజెంట్. ఒక్క ఇంటికి ఇంతమంది. వీళ్ళలో చాలామంది ఒకరి మొహం ఒకరు ఎప్పుడూ చూడరు. చూసేది స్క్రీనే.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఇందులో బాగా ఇంట్రెస్టింగ్‌గా అనిపించింది ఆ స్క్రీనే. పెన్సిల్వేనియాలో జరిగిన ఒక కేసు చెప్తాను. ఇది కోర్టు రికార్డుల్లో ఉంది.

2007లో అక్కడ ఒక భార్యాభర్తలు దివాలా పిటిషన్ వేశారు. దివాలా అంటే అక్కడ అంతా అయిపోయినట్టు కాదు. కోర్టు పర్యవేక్షణలో ఒక ప్లాన్ ప్రకారం బాకీలు తీర్చుకుంటూ ఇల్లు నిలబెట్టుకునే అవకాశం ఉంటుంది. వాళ్ళ హోమ్ లోన్ హెచ్‌ఎస్‌బీసీ దగ్గర. వాళ్ళు కిస్తీ కడుతూనే ఉన్నారు. కానీ బ్యాంకు "మీ ఇల్లు వరద ముప్పు ఉన్న చోట ఉంది, వరద బీమా చేయించాం, నెలకి ఇంకో 180 డాలర్లు కట్టండి" అంది. "మా ఇల్లు ఆ జోన్‌లో లేదు" అని వాళ్ళు అన్నారు. అసలు కిస్తీ కట్టారు, ఆ ఎక్స్‌ట్రా మాత్రం కట్టలేదు. గొడవ ఇంతే.

మరి బ్యాంకు లాయర్లు కోర్టుకి ఏం చెప్పారు? వీళ్ళు కిస్తీలే కట్టలేదు, ఇంటి మీద చర్య తీసుకోవడానికి అనుమతి ఇవ్వండి అని. వరద బీమా గొడవ ఊసే లేదు. ఎందుకంటే ఆ లాయర్లకి ఆ గొడవ గురించి సిస్టమ్ చెప్పలేదు. హెచ్‌ఎస్‌బీసీకీ లాయర్ ఆఫీసుకీ మధ్యలో ఎల్‌పీఎస్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంది. పేరు న్యూట్రాక్. పని మొత్తం అందులోనే. బ్యాంకు రికార్డుల్లోంచి కొంత సమాచారం ఆ స్క్రీన్ మీదకి వస్తుంది. పేరు, లోన్ నంబరు, బాకీ, ఇలాంటివి. లాయరు ఆ వివరాలు తీసుకుని పిటిషన్ తయారు చేయాలి. అంతే.

ఆ కేసులో కోర్టుకి వచ్చిన జూనియర్ లాయరు సంగతి చూడండి. ఆ దంపతులు కట్టిన డబ్బుకి రుజువు అప్పటికే వాళ్ళ ఆఫీసుకి చేరింది. అయినా మొదటి వాయిదాలో ఆయన "వీళ్ళు మా ప్రశ్నలకి టైముకి జవాబివ్వలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క, ఆర్డర్ ఇచ్చేయండి" అనే లైన్‌లోనే వాదించాడు. జడ్జి ఒప్పుకోలేదు, లెక్కలు తెమ్మన్నారు. లెక్కలు కావాలంటే బ్యాంకుని అడగాలి కదా. తర్వాతి వాయిదాలో అతను అసలు విషయం బయటపెట్టాడు. సమాచారం సరిచూసుకోవడానికి తన క్లయింటుని నేరుగా కాంటాక్ట్ చేయడం తన వల్ల కావట్లేదని!

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. బ్యాంకు తరఫున వాదించే లాయరుకి బ్యాంకుతో మాట్లాడే దారి లేదు. ఇది డాక్టరుగారు పేషెంటుని చూడకుండా, ఫోన్లో కూడా మాట్లాడకుండా, ఎవరో నింపిన ఫారం చూసి ఆపరేషన్‌కి డేట్ ఇచ్చినట్టుంది.

అప్పుడు ఆ దివాలా కోర్టు జడ్జి ఊరుకోలేదు. ఈ సిస్టమ్ అసలు ఎలా పనిచేస్తుందో ఎంక్వైరీ పెట్టి, అందరినీ పిలిచి అడిగి, 2009 ఏప్రిల్‌లో పెద్ద తీర్పు రాశారు. ఆ లాయర్ ఆఫీసు వాళ్ళకి వృత్తి నియమాల మీద శిక్షణ తీసుకోమని ఆదేశం. హెచ్‌ఎస్‌బీసీకి ఏం చెప్పారో తెలుసా? ఈ తీర్పు కాపీని దివాలా కేసుల్లో మీరు వాడుకునే లాయర్ ఆఫీసులన్నిటికీ పంపండి, దానితో పాటు "మీరు మాతో నేరుగా మాట్లాడొచ్చు" అని ఒక ఉత్తరం కూడా పెట్టండి అని. పైన జిల్లా కోర్టు దీన్ని కొట్టేసినా, 2011లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ చర్యల్ని చాలావరకు మళ్ళీ నిలబెట్టింది.

అంటే, లాయరు తన క్లయింటుతో మాట్లాడొచ్చు అని చెప్పడానికి ఒక కోర్టు ఆర్డర్ కావాల్సి వచ్చింది.

మీలో చాలామంది టికెటింగ్ సిస్టమ్‌లో పనిచేసి ఉంటారు. టికెట్ వస్తుంది, పక్కనే టైమర్ తిరుగుతుంటుంది. డౌట్ ఉన్నా అడిగితే టైమ్ పోతుంది, మన రేటింగ్ పడిపోతుంది. అందుకని ఉన్నదానితో క్లోజ్ చేస్తాం. ఆ రోజుల్లో వచ్చిన వార్తా కథనాల ప్రకారం ఎల్‌పీఎస్ సిస్టమ్‌లో లాయర్ ఆఫీసులకి కూడా ఇలాగే రంగులు ఉండేవి. పని ఎంత స్పీడుగా చేస్తే దాన్నిబట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపులో పడితే కొత్త ఫైళ్ళు తగ్గిపోతాయి. ఇప్పుడు చెప్పండి, ఏ లాయరు ఫోన్ ఎత్తి "ఈ వరద బీమా సంగతి ఏంటండీ?" అని అడుగుతాడు? మన టీములో బగ్ వస్తే మహా అయితే యాప్ క్రాష్ అవుతుంది. అక్కడ టికెట్ తప్పుగా క్లోజ్ అయితే ఒక కుటుంబం రోడ్డు మీదికి వస్తుంది.

సరే, ఇది ఒక్క కేసే అనుకుంటున్నారా? 2010 సెప్టెంబర్‌లో జీఎంఏసీ అనే పెద్ద కంపెనీ 23 రాష్ట్రాల్లో ఇళ్ళు ఖాళీ చేయించడం ఆపేసింది. ఎందుకంటే వాళ్ళ ఉద్యోగి ఒకరు, తాను నెలకి దాదాపు 10,000 పత్రాల మీద సంతకం పెడతానని ప్రమాణం చేసి చెప్పాడు. ఆ ప్రతి పత్రంలో "ఈ వివరాలు నాకు స్వయంగా తెలుసు" అని ఉంటుంది. రోజుకి కొన్ని వందల ఇళ్ళ వివరాలు ఒక మనిషికి స్వయంగా ఎలా తెలుస్తాయి? దీనికి పేపర్లవాళ్ళు రోబో సైనింగ్ అని పేరు పెట్టారు. ఎల్‌పీఎస్ కిందే ఉన్న డాక్‌ఎక్స్ అనే కంపెనీ అయితే ఇంకా ఘోరం. ఒకరి పేరుతో ఇంకొకరు సంతకాలు. 10 లక్షలకి పైగా పత్రాలు. దాన్ని నడిపినావిడ 2012లో నేరం ఒప్పుకుంది, 2013లో ఐదేళ్ళ జైలు శిక్ష పడింది.

చూడండి, సంతకం అంటే ఏంటి? "నేను చూశాను, నాది బాధ్యత" అని ముందు కూర్చున్నవాళ్ళకి మనిషిగా చెప్పే మాట. కోర్టు ఆ మాటని నమ్ముతుంది. ఇక్కడ మాట కాగితం మీద ఉంది, వెనకాల చూసిన మనిషి లేడు.

ఇక కిస్తీ కట్టలేక నిజంగా ఇబ్బంది పడినవాళ్ళ సంగతి. వాళ్ళ కోసం 2009లో ఒబామా ప్రభుత్వం హ్యాంప్ అనే పథకం తెచ్చింది. కిస్తీ తగ్గించి ఇల్లు నిలబెట్టడం దాని ఉద్దేశం. బాగానే ఉంది. కానీ సర్వీసర్ ఆఫీసులో రెండు డిపార్ట్‌మెంట్లు. ఒకటి కిస్తీ తగ్గించే అప్లికేషన్లు చూసేది, రెండోది వేలం నడిపేది. మొదటి డిపార్ట్‌మెంట్ "మీ జీతం స్లిప్పులు మళ్ళీ పంపండి" అంటుంది. ఈలోపు రెండోది వేలం తేదీ పెట్టేస్తుంది. ఇంటాయన ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి. పంపిన కాగితాలు "అందలేదు" అంటారు. దీన్ని డ్యూయల్ ట్రాకింగ్ అన్నారు. విచిత్రం ఏంటంటే, ఎవరి స్క్రీన్ మీద వాళ్ళది కరెక్టే. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. ఇద్దరి మధ్య ఒక్క ఫోన్ కాల్ లేదు, అంతే.

గ్రౌండ్ మీద పరిస్థితి కూడా చూద్దాం. ఒహాయో రాష్ట్రంలో మెకార్థర్ అనే చిన్న ఊరు, 2013. ఒకావిడ రెండు వారాలు ఊరెళ్ళి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. దొంగలు కాదు, బ్యాంకు మనుషులు. ఎదురుగా ఉన్న ఇంటికి వెళ్ళాల్సినవాళ్ళు జీపీఎస్ చూపించిందని ఈ ఇంట్లోకి వచ్చి, సామాన్లు తీసేశారు. గడ్డి కూడా పెరిగి ఉంది కదా, ఇదే అనుకున్నారు. పక్కింటి తలుపు కొట్టి "ఇది ఫలానా వాళ్ళ ఇల్లేనా అండీ?" అని అడిగి ఉంటే? మన ఊళ్ళో పోస్ట్‌మ్యాన్ కూడా అంతకన్నా ఎక్కువ కనుక్కుంటాడు.

అలాగని అందరూ ఇలాగే ఉన్నారని కాదు. ఆ గొలుసులో ఇంటివాళ్ళని నేరుగా కలిసే మనిషి ఒకరుంటారు, లోకల్ ఏజెంట్. జప్తు అయిపోయాక ఇంటికి వెళ్ళి తలుపు కొట్టి, "మీరు ఫలానా తేదీలోపు శుభ్రంగా ఖాళీ చేసి తాళాలు ఇస్తే, మీ సామాన్ల షిఫ్టింగ్ ఖర్చులకి బ్యాంకు ఇంత ఇస్తుంది" అని మాట్లాడతారు. దీన్ని క్యాష్ ఫర్ కీస్ అంటారు. పోలీసులు రాకుండా, పరువు పోకుండా ఆ కుటుంబం బయటికి వస్తుంది. బ్యాంకుకి కూడా కోర్టు ఖర్చు మిగులుతుంది. చాలాసార్లు ఆ ఇంట్లో ఉన్నది ఓనరు కాదు, అద్దెకున్నవాళ్ళు అని తెలిసేది కూడా అప్పుడే. పాపం వాళ్ళు నెలనెలా అద్దె కడుతూనే ఉన్నారు. ఓనరు లోన్ కట్టట్లేదని వాళ్ళకి ఎవరు చెప్తారు? అందుకే 2009 మేలో ఒక చట్టం చేశారు. ఇల్లు జప్తు అయినా, అద్దెకున్నవాళ్ళకి కనీసం 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని.

మరి మిగతావి ఎలా సరిచేశారు? 2012 ఫిబ్రవరిలో 49 రాష్ట్రాలు, ఫెడరల్ ప్రభుత్వం కలిసి ఐదు పెద్ద సర్వీసర్లతో దాదాపు 2,500 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ చేసుకున్నాయి. డబ్బు సంగతి పక్కన పెడితే, అందులో నాకు నచ్చిన షరతు ఒకటుంది. ఇబ్బందుల్లో ఉన్న ప్రతి ఇంటివాళ్ళకీ ఒక నిర్దిష్టమైన మనిషిని కేటాయించాలి. ఫైలు ఎక్కడుందో ఆ మనిషికి తెలిసి ఉండాలి. తర్వాత 2014 జనవరి 10 నుంచి దేశమంతటికీ రూల్స్ వచ్చాయి. మామూలుగా కిస్తీ ఆగి 120 రోజులు దాటేదాకా జప్తు కేసు మొదలుపెట్టకూడదు. వేలానికి 37 రోజుల కంటే ముందే పూర్తి అప్లికేషన్ ఇస్తే, దాన్ని తేల్చకుండా ఇల్లు అమ్మకూడదు. ఇవేమీ రాకెట్ సైన్స్ కాదు. ముందు కనుక్కోండి, ఒకరితో ఒకరు మాట్లాడుకోండి, తర్వాత తాళం వేయండి. ఇంతే.

కంపెనీల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. మామూలు రోజుల్లో కిస్తీలు జమ చేసుకోవడానికి పెట్టిన ఆఫీసుల మీద ఒక్కసారిగా లక్షల ఫైళ్ళు వచ్చిపడ్డాయి. అన్నిటికీ మనుషులు ఫోన్లు చేస్తూ కూర్చుంటే పని ఎప్పటికి అవుతుంది? సాఫ్ట్‌వేర్ లేకుండా కుదరదు. నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ వాడటం తప్పు కాదు. అందులో "నాకు డౌట్ ఉంది, ఆపండి" అనే బటన్ లేకపోవడం, ఆ బటన్ నొక్కినవాడికి ఎరుపు రంగు వేయడం తప్పు.

ఇప్పుడు మీరు అడగొచ్చు, "అన్నా, అమెరికా కథ మాకెందుకు?" అని. మన హైదరాబాద్‌లో, వైజాగ్‌లో ఎంతమంది ఫ్లాట్ మీద ఈఎంఐ కడుతున్నారు? ఉద్యోగం పోతే పరిస్థితి ఏంటి? పేపర్లో చిన్న అక్షరాలతో స్వాధీన ప్రకటన అని పేజీలకి పేజీలు వస్తాయి, చూసే ఉంటారు. అవి 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద వచ్చేవి. మన దగ్గర బ్యాంకు కోర్టుకి వెళ్ళకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. కాబట్టి ఇది తెలుసుకోవడం మనకి ఇంకా అవసరం.

సింపుల్‌గా చెప్తాను. కిస్తీ 90 రోజులు దాటి ఆగితే అకౌంట్ మొండి బాకీ అవుతుంది. తర్వాత బ్యాంకు 60 రోజుల టైమ్ ఇస్తూ డిమాండ్ నోటీసు పంపాలి. చాలామంది ఈ నోటీసు చూసి భయపడి బీరువాలో పడేస్తారు. అలా చేయకండి. దానికి మీరు రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు. పంపితే, బ్యాంకు దాన్ని పరిశీలించి, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో కారణాలతో 15 రోజుల్లో జవాబివ్వాలి. ఈ కారణం చెప్పాలనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? 2004లో మార్డియా కెమికల్స్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాతే దాన్ని చట్టంలో చేర్చారు. బ్యాంకు స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెడితే, 45 రోజుల్లోపు డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. హైదరాబాద్‌లో ఉంది, విశాఖపట్నంలో ఉంది. మీ కేసు వివరాలకి మంచి లాయరుని కలవండి, నేను లాయరుని కాదు.

ఇంకో రెండు చిన్న సలహాలు. ఉద్యోగం పోయిన నెలలోనే బ్యాంకుకి వెళ్ళి చెప్పండి, మూడు కిస్తీలు ఆగేదాకా ఆగకండి. ఫోన్లో ఎవరితో ఏం మాట్లాడినా, అదే రోజు ఈమెయిల్‌లో రాసి పంపండి. ఎవరితో మాట్లాడారు, ఏ తేదీ, ఏం చెప్పారు. "పేపర్లు అందలేదు" అంటే మీ దగ్గర రుజువు ఉండాలి.

ఇక మీలో బ్యాంకుల్లో, లా ఆఫీసుల్లో, అమెరికా మార్ట్‌గేజ్ ప్రాసెసింగ్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళు ఉంటారు కదా. మీకు ఒక్కటే చెప్తాను. మీ స్క్రీన్ మీద ఉన్న ఆ లోన్ నంబరు ఒక ఇంటిది. ఏదో తేడాగా అనిపిస్తే, టికెట్ పది నిమిషాలు లేటైనా పర్లేదు, అవతలి మనిషికి ఫోన్ చేసి అడగండి. ఫోన్ చేసే దారే లేదంటే, ఆ విషయం మీ మేనేజర్‌కి రాతలో పెట్టండి. పెన్సిల్వేనియాలో ఆ జూనియర్ లాయరు కోర్టులో నిజం చెప్పబట్టే మొత్తం సిస్టమ్ ఎలా నడుస్తోందో బయటపడింది.

సో ఫ్రెండ్స్, ఈ ఎపిసోడ్ ఇంతే. మీ ఆఫీసులో కూడా "అడగడానికి ఎవరూ లేరు" అనే పరిస్థితి ఉందా? కంపెనీ పేరు చెప్పకుండా కామెంట్లలో రాయండి, నేను చదువుతాను. హోమ్ లోన్ ఉన్న మీ ఫ్రెండ్‌కి, ముఖ్యంగా ఆ 60 రోజుల నోటీసు పార్ట్ తప్పకుండా షేర్ చేయండి. మళ్ళీ వచ్చే వారం కలుద్దాం. అప్పటిదాకా జాగ్రత్త, బై.